ఇటలీ స్పైడర్లు, మన ఊరి స్పీడ్ బ్రేకర్లు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం పొద్దున 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల దగ్గరో, 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల దగ్గరో ఫెరారీ, లంబోర్గినీ కనపడడం ఇప్పుడు వింత కాదు. వాటిలో టాపు తెరుచుకునే స్పైడర్లూ ఉంటున్నాయి. ఇంగ్లీషులో ఆ పేరును ఫెరారీ వాళ్లు 'ఐ'తో, లంబోర్గినీ వాళ్లు 'వై'తో రాస్తారు. మన లిపిలోకి వచ్చేసరికి ఆ తగాదా లేదు, రెండూ స్పైడరే. చూసినవాళ్లు మాత్రం ఒకటే మాట అంటారు: "ఈ ఎండకు, ఈ దుమ్ముకు, ఈ రోడ్లకు ఇదెందుకు పనికొస్తది?" ఎండా దుమ్మూ బండి పెట్టుకున్నవాళ్లు చూసుకోగలిగినవే. వాళ్ల చేతిలో లేనిది రోడ్డు మీది స్పీడ్ బ్రేకర్ ఒక్కటే. ఆ లెక్క రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ ఇంజినీర్లు చదవాలని ఈ ఉత్తరం.

లంబోర్గినీ హురకాన్ స్పైడర్‌నే తీసుకుందాం. 2015లో వచ్చింది. నేలకూ బండి కడుపుకూ మధ్య సందు 125 మిల్లీమీటర్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,620 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ నంబరు ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, పై వంపు 17 మీటర్ల వ్యాసార్థం ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటేందుకు వేసిన కొలత అది. దాని మీద రెండు జతల చక్రాలూ ఎక్కినప్పుడు మధ్యలో పొంగు ఎంతుంటుందో లెక్కగడితే 5 సెంటీమీటర్లు. సందు పన్నెండున్నర సెంటీమీటర్లు. అంటే ఏడు సెంటీమీటర్ల పైనే ఖాళీ మిగులుతుంది. కోట్లు పోసి కొన్న బండి అయినా సరే, ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్‌ను గీసుకోకుండా దాటిపోతుంది.

మన ఊళ్ల ముందు ఉన్నవి అవి కావు. యాక్సిడెంట్ అయిన మర్నాడు కోపంతో పోసిన కాంక్రీటు కట్టలు. అర మీటరు వెడల్పు, 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు. ముందు చక్రాలు దిగిపోయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే కట్ట సరిగ్గా బండి కడుపు కింద ఉంటుంది. 15 సెంటీమీటర్ల కట్ట మీద పన్నెండున్నర సెంటీమీటర్ల సందున్న బండి ఎట్ల దాటుతుంది?

"ముక్కు ఎత్తే బటన్ ఉంటది కదా" అంటారు. ఉంటుంది. ముందు భాగాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు లేపుతుంది. ముక్కు కింది పెదవి గీసుకుపోకుండా కట్ట ఎక్కడానికి అది చాలు. కానీ వెనక చక్రాలు లేవవు కాబట్టి బండి నడిమధ్యలో దక్కేది అందులో సగం, 20 మిల్లీమీటర్లే. పన్నెండున్నరకు రెండు కలిపితే పద్నాలుగున్నర. కట్ట 15. లిఫ్ట్ ఉంది కదా అన్న ధైర్యంతో ఎక్కినవాళ్లు కడుపు గీయించుకునేది ఈ లెక్క దగ్గరే. ఇంకో సంగతి, వేగం పెరగ్గానే లిఫ్ట్ తనంతట తానే దిగిపోతుంది. రెండు కట్టలు వందగజాల దూరంలో ఉన్నచోట మొదటిది దాటి యాక్సిలరేటర్ తొక్కితే, రెండోదాని దగ్గరకు ముక్కు కిందికి దిగే వస్తుంది. మళ్లీ నొక్కాలి.

వాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దాటడం మంచిదే. ముక్కు తాకదు, కట్ట కడుపు కిందికి వచ్చేసరికి ఏదో ఒక చక్రం దాని మీదే ఉండే అవకాశం ఎక్కువ. అయితే టాపు లేని బండికి పైన కట్టి ఉంచే కప్పు లేదు కాబట్టి వాలుగా ఎక్కినప్పుడు బాడీ కొంచెం మెలి తిరుగుతుంది. డోరు రబ్బర్లు, టాపు అంచుల దగ్గర కిర్రుమనే చప్పుడు అందుకే. ఆ భంగిమలో, లేదా ఒక చక్రం మొరంలో దిగి ఉన్నప్పుడు టాపు తెరవడం, మూయడం చేయొద్దు. కొక్కేలు సరిగ్గా కూర్చోవు. సమతలం మీద ఆపి చేయాలి.

కడుపు తాకిందని చప్పుడు వస్తే పక్కకు ఆపి, మోకాళ్ల మీద కూర్చొని ఫోన్ లైటు వేసి చూడాలి. అండర్‌ట్రే (బండి కడుపు కింద బిగించే పలక) స్క్రూలు, క్లిప్పులు ఊడి ఒక మూల వేలాడుతుంటే అట్లాగే వంద వేగంతో పోతే గాలి దాన్ని పట్టి లాగేస్తుంది, పక్కనున్న పైపునూ తెంపుకుపోవచ్చు. ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగితే "ఇంకో రెండు కిలోమీటర్లు పోయి చూద్దాం" అనొద్దు. ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి. ఈ ఇంజిన్లలో ఎక్కువ భాగం డ్రై సంప్ పద్ధతివి. ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, ఇంజిన్ నేలకు బాగా దగ్గరగా కూర్చుంటుంది. అందుకే దెబ్బ తగిలితే నేరుగా తగులుతుంది. మామూలు కార్లు చూసే మెకానిక్‌లు ఇక్కడ చేసే పొరపాటు ఇంకొకటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చూసి, ఆయిల్ తక్కువైందని లీటరు పోస్తారు. డిప్‌స్టిక్ ఉన్న ఫెరారీల్లో ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో తిరుగుతుండగానే కొలవాలి. లేకుంటే ఉన్నదాని మీద ఇంకా పోసినట్టే.

ఇక టాపు. అన్నీ ఒకే రకం కావు. ఫెరారీ ఎఫ్8 స్పైడర్, 296 జీటీఎస్‌లవి మడతపడే గట్టి కప్పులు, 14 సెకన్లు పడుతుంది, 45 కిలోమీటర్ల వేగం దాకా పనిచేస్తాయి. హురకాన్ స్పైడర్‌ది గుడ్డ టాపు, 17 సెకన్లు, 50 దాకా. ఫెరారీ రోమా స్పైడర్‌దీ గుడ్డే, 13.5 సెకన్లు, 60 దాకా. మాసెరాటి ఎంసీ20 చెలో కప్పు అద్దంది, 12 సెకన్లు. అవెంటడోర్ రోడ్‌స్టర్‌కు మోటారే లేదు. ఒక్కొక్కటి 6 కిలోల లోపున్న రెండు కార్బన్ పలకలను చేత్తో తీసి ముందు డిక్కీలో పెట్టుకోవాలి, ఇక సూట్‌కేసు సంగతి మరిచిపోవాలి. మన దగ్గర రోజూ బయటికి తీసేవాళ్లకు గట్టి కప్పే మేలు. కారణం ఒక్క ఎండ కాదు, కోతులు. యాదగిరిగుట్ట, మన్ననూరు, శ్రీశైలం దారిలో గుడ్డ టాపు బండిని అరగంట వదిలేసి పోతే గోళ్లతో చీల్చిన ఆనవాళ్లు కనపడొచ్చు. టాపు తెరిచి ఉన్న బండిలో కొబ్బరి చిప్పలు, అరటిపండ్లు, ప్రసాదం పెట్టి దిగితే ఇక చెప్పనక్కరలేదు.

తడి గుడ్డను మడత పెట్టొద్దు. వానకాలంలో తడిసిన టాపును పూర్తిగా ఆరేదాకా మూసే ఉంచాలి. తడి మీద మడిస్తే రెండు మూడు రోజుల్లో బూజు మరకలు వస్తాయి, అవి పోవు. ముందు వాక్యూమ్‌తో దుమ్ము లాగి, మెత్తటి బ్రష్‌తో నేత వాలు ప్రకారం తుడిచి, ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్లు. వాటర్ సర్వీసింగ్ షాపుల్లో కొట్టే ప్రెషర్ గన్‌ను టాపు కుట్ల దగ్గరికీ రబ్బరు అంచుల దగ్గరికీ రానీయొద్దు. రబ్బర్లకు గ్రీజు, వాజలీన్ పూయడం ఇక్కడి అలవాటు. పెట్రోలియంతో చేసినవి రబ్బరును ఉబ్బిస్తాయి, దుమ్మును అంటించుకుంటాయి. రబ్బరు కోసమే చేసిన ద్రవం వేరే దొరుకుతుంది, అదే వాడాలి.

టాపు మడిచి పెట్టే గుంతకు రెండు పక్కలా నీళ్లు పోయే సన్న గొట్టాలు ఉంటాయి. బండిని వేపచెట్టు కిందో చింతచెట్టు కిందో పెడితే పూత, సన్నటి ఆకు వాటిలో ఇరుక్కుంటాయి. అప్పుడు నీళ్లు కిందికి పోకుండా పంపు, వైర్లు ఉన్నచోట నిలుస్తాయి. వానలు మొదలయ్యే ముందు ఒక్కో పక్క అర లీటరు నీళ్లు మెల్లగా పోసి, బండి కింద నుంచి కారుతున్నాయా చూడాలి. కారకపోతే మెత్తటి నైలాన్ తీగతో తీయాలి. పంచర్ షాపు కంప్రెసర్ గాలి కొడితే లోపల గొట్టం జాయింటు ఊడి, ఉన్న సమస్య రెండింతలవుతుంది.

టాపు సగంలో ఆగిపోతే చేత్తో నొక్కొద్దు, నలుగురు పట్టి తొయ్యొద్దు. ఎక్కువసార్లు తప్పు బ్యాటరీది. టాపు పంపు చాలా కరెంటు లాగుతుంది కాబట్టి ఇంజిన్ నడుస్తుండగానే తెరవాలి. రెండో కారణం డిక్కీ మూత సరిగ్గా పడకపోవడం. ఫెరారీ కాలిఫోర్నియా, పోర్టోఫినో లాంటి వాటిలో డిక్కీలో సామాను ఎక్కువై మధ్య తెర పక్కకు జరిగినా టాపు కదలనంటుంది. ఇంజిన్ ఆపి, కొంచెం ఆగి, డిక్కీ మళ్లీ గట్టిగా వేసి, స్టార్ట్ చేసి ప్రయత్నించాలి.

ఎండ విషయం. పాలమూరులో ఏప్రిల్, మే నెలల్లో టాపు తెరిచే వేళ పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకానే. పది దాటాక తెరిచి తిరిగితే తోలు సీటు మీద చెయ్యి పెట్టలేరు. కొన్నేళ్లు ఎండలో పెట్టిన పాత ఫెరారీలకు రెండు జబ్బులు వస్తాయి. డ్యాష్‌బోర్డు తోలు కుంచించుకుపోయి అద్దం వైపు అంచు లేస్తుంది. బటన్ల మీది మెత్తటి పూత కరిగి బంకలా వేలికి అంటుకుంటుంది. కొనేటప్పుడు ఈ రెండూ చూడాలి. ఎండవేళ సుఖం కావాలంటే ఒక కిటుకు ఉంది. హురకాన్‌కు, ఎఫ్8కు వెనక చిన్న అద్దం విడిగా దిగుతుంది. టాపు మూసి, ఏసీ వేసి, ఆ అద్దం ఒక్కటి దించితే ఎండ తగలదు, ఇంజిన్ గొంతు మాత్రం పూర్తిగా లోపలికి వస్తుంది. 5.2 లీటర్ల పది సిలిండర్ల ఇంజిన్ మూడో గేరులో 60 వేగంతో పోతూ చేసే చప్పుడు వినాలంటే 200 వేగం అక్కర్లేదు. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన పరిమితి ఎట్లాగూ 100.

నా లెక్కలో ఈ బండికి మన ప్రాంతంలో అచ్చొచ్చిన రోడ్డు వెడల్పాటి బెంగళూరు హైవే కాదు, డిండి దాటాక నల్లమల వైపు పోయే శ్రీశైలం దారి. నవంబరు, డిసెంబరుల్లో పొద్దున్నే పోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. లోపల పులుల అభయారణ్యం. హారన్ మోతలు, ఆగి ఫొటోలు అక్కడ కుదరవు. తెరిచిన టాపులో పిల్లల్ని నిలబెట్టడం ఎక్కడా కుదరదు.

వడ్ల సీజన్లో దారి ఎంచుకోవడం వేరే విద్య. యాసంగి కోతలు ఏప్రిల్, మేలో, వానకాలం పంట నవంబరు నుంచి. మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ వైపు సగం రోడ్డు వడ్లతో నిండి, అంచున రాళ్లు పెట్టి ఉంటుంది. వడ్ల మీంచి పోనిస్తే రైతు నష్టం ఒకటి, బండి నష్టం ఇంకొకటి. ముందు రేడియేటర్ల నోళ్లు నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి, గింజా పొల్లూ నేరుగా లోపలికి పోతాయి. మొదట ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గుతుంది, తర్వాత ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంది. ముందు నుంచి ప్రెషర్ నీళ్లు కొడితే సన్న రేకులు వంగిపోతాయి. జాలీ విప్పి మెత్తటి బ్రష్, వాక్యూమ్‌తోనే తీయాలి. ఎండుగడ్డి ఉన్నచోట వేడి బండి ఆపొద్దు. సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి కింద గడ్డి అంటుకుంటుంది. ఇల్లు చేరగానే బండి మీద కవరు కప్పడమూ అంతే తప్పు. ఆపిన తర్వాత కూడా ఫ్యాన్లు కొన్ని నిమిషాలు తిరుగుతాయి, అవి ఆగి ఇంజిన్ చల్లబడనీయాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల నల్ల బూడిద చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతి. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు పారించి కడిగేశాకే గుడ్డ తాకాలి. మట్టపల్లి వైపు సిమెంటు దుమ్ము పడితే మంచు కురవకముందే, ఆ రోజే కడగాలి. తడి తగిలి గట్టిపడ్డాక గోకడం తప్ప దారుండదు. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. ఉప్పు కూడా తక్కువేం కాదు. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలితే తెల్ల చుక్కలు పడి పెయింటులోకి దిగుతాయి. ఆఖరి కడుగుడుకు ఫిల్టర్ నీళ్ల 20 లీటర్ల క్యాన్లు రెండు చాలు. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోసేవాళ్లకు మాత్రం దండం పెట్టాలి.

బండి వాడేది వారానికి ఒకసారే. అందుకే నిలబడ్డ బండికి వచ్చే రోగాలే ఎక్కువ. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలకు మించి ట్యాంకులో నిలవ పెట్టొద్దు. పాత మోడళ్లలో చాలావాటికి 10 శాతం దాకే అనుమతి ఉంటుంది, బండి పుస్తకంలో చూసుకోవాలి. బ్యాటరీకి నిలకడ చార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంచాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే టాపు రాదు, ముందు డిక్కీ తెరుచుకోదు, గేరు న్యూట్రల్‌కు రాదు. అప్పుడు క్రేన్‌కు కొక్కెం తగిలించి ఈడిస్తే గేరుబాక్సు ఖర్చు కూడా తోడవుతుంది. ఫ్లాట్‌బెడ్ బండినే పిలవాలి, ర్యాంపు వాలు తగ్గించడానికి రెండు పొడుగాటి చెక్క పలకలు అడిగి తెప్పించుకోవాలి.

స్టెప్నీ ఉండదు. సీలెంట్ డబ్బా, చిన్న కంప్రెసర్ ఇస్తారు. మేకు గుచ్చుకున్న రంధ్రానికి అది పనిచేస్తుంది, పక్క గోడ చిరిగితే పనిచేయదు. పంచర్ షాపులో గడ్డపారతో 20 అంగుళాల టైరు విప్పనీయొద్దు, లోపల గాలి ప్రెజర్ సెన్సర్ విరుగుతుంది. కార్బన్ సిరామిక్ బ్రేకులున్న బండికి చక్రం తీసేటప్పుడు గైడ్ పిన్ను తప్పనిసరి. చక్రం జారి డిస్కు అంచుకు తగిలితే పెచ్చు లేస్తుంది, ఆ డిస్కు ఇక మార్చడమే. పైకి కొత్తగా కనపడ్డా ఆరేళ్లు దాటిన టైరును నమ్మొద్దు. పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక్క హెచ్చరిక: ఆర్‌సీతో పాటు కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) చూడందే బయానా ఇవ్వొద్దు. తాత్కాలికంగా తెచ్చి మళ్లీ విదేశానికి పంపాల్సిన కార్నే బండ్లను అమ్ముతున్న మోసాలు ఉన్నాయి. వేరే రాష్ట్రం నంబరు బండిని 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే తిరిగి రిజిస్టర్ చేయాలి. ఇన్సూరెన్సులో జీరో డిప్రిసియేషన్ (అరుగుదల పేరుతో కోత పెట్టని రకం) తీసుకోకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం ఖర్చు మనదే. స్పీడ్ బ్రేకర్ గీసేది ఆ భాగాలనే.

మళ్లీ అక్కడికే వస్తున్నాను. జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖే చెప్పింది. ఊరి రోడ్ల మీద అవసరమే, బడి పిల్లలు దాటాలి. కానీ 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, తెల్ల గీతలు లేని కట్టను రాత్రిపూట బైకు మీద వచ్చేవాడు చూడలేడు. నిండు గర్భిణిని తీసుకుపోయే ఆటో దాని మీద ఎగిరిపడుతుంది. ఇటలీ బండి కడుపు తాకినచోటే అంబులెన్సులో స్ట్రెచర్ ఎగురుతుంది. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. 3.7 మీటర్ల పొడవున్న బద్ద ఒకటి, టేపు ఒకటి పట్టుకొని, జడ్చర్ల నుంచి కోదాడ దాకా 167వ నంబరు రహదారిలో కలిసే ఊరి రోడ్ల మీది కట్టలు కొలిచి, 10 సెంటీమీటర్లు దాటినవి చెక్కి, వెడల్పు పెంచాలని రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు మీ పత్రిక ద్వారా మనవి. వానలు మొదలు కాకముందే చేస్తే తారు పని చెడకుండా ఉంటుంది.

– ఓ పాఠకుడు, నల్లగొండ